ప్రార్థన మందుచీటీ కాదు



ఈసారి రక్తపోటును గురించో, మధుమేహాన్ని గురించో కాక ప్రార్థనను గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. ఆరోగ్యానికీ ప్రార్థనకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతంలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవారెవరూ ఆ ప్రశ్న వేయరు. అక్కడ ఏ మతస్థుడైనా దైవాన్ని తలచుకోకుండా ఆసుపత్రి గుమ్మం ఎక్కడం అరుదు. నేను క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడను గనుక, నాకు తెలిసిన క్రైస్తవ ప్రార్థనకే ఈ మాటలను పరిమితం చేస్తాను.

నా అనుభవంలో ప్రార్థించే రోగులు రెండు రకాలు. ప్రార్థించి, మాత్ర వేసుకొనేవారు మొదటి రకం. ప్రార్థించాము గనుక ఇక మాత్ర వేసుకొంటే అది అవిశ్వాసమవుతుందని భయపడేవారు రెండవ రకం. మూర్ఛవ్యాధికి మందు వాడుతూ నాలుగేళ్ళు సుఖంగా ఉన్న ఒక యువకుడు స్వస్థత కూటానికి వెళ్ళి వచ్చి మాత్రలు మానివేశాడు. పది రోజులు గడవకముందే, ఆగకుండా వస్తున్న ఫిట్స్‌తో ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. బ్రతికాడు. కానీ అతని తల్లి ముఖంలో నాకు కనిపించినది కుమారుని జబ్బు తెచ్చిన భయం మాత్రమే కాదు. తమ విశ్వాసంలో ఏ లోపముందోనన్న అపరాధ భావం. ఆ భారాన్ని ఆమె నెత్తిన పెట్టినది ఏ దేవుడు?

బైబిలు మాత్రం ఆ భారం పెట్టదు. యెషయా గ్రంథంలో హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుపడి, కన్నీటితో ప్రార్థిస్తాడు. దేవుడు విని, 15 సంవత్సరాల ఆయుష్షు పొడిగిస్తాడు. అంతటితో కథ ముగియదు. పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని ప్రవక్తే చెబుతాడు. వరమిచ్చినవాడు కట్టు వద్దనలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించుమని మూడుసార్లు వేడుకొన్నాడు, అది తొలగలేదు. గెత్సేమనే తోటలో యేసు అడిగినదే జరగలేదు. అడిగినది దొరకడమే ప్రార్థనకు కొలత అయితే, ఆ తోటలోని ప్రార్థన విఫలమైనదనవలసి వస్తుంది. ఏ క్రైస్తవుడూ అలా అనడు. తన కోరికను దాచుకోకుండా తండ్రి ముందు పెట్టి, చివరకు తండ్రి చిత్తానికే తలవంచిన ఘడియ అది. అక్కడ నిలిచినది ఆ తండ్రీకుమారుల బంధం.

మన చరిత్రలోనూ దీనికి నిదర్శనముంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున, అప్పటికి నెల్లూరు జిల్లాలోనిదైన ఒంగోలులో, లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కొండెక్కి ఆ ఊరికి ఒక సువార్త సేవకుని పంపుమని ప్రార్థించారు. జాన్ క్లౌ ఒంగోలు చేరినది 1866లో. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న విషయాన్ని అందరూ చెప్పుకొంటారు. నా మనసు మాత్రం మధ్యలోని ఆ 12 ఏళ్ళ మీద నిలుస్తుంది. జవాబు కనిపించని కాలంలోనూ సంభాషణ తెగలేదు. అంతకుముందు వచ్చిన మహాకరువులో అదే క్లౌ ప్రార్థనతో సరిపెట్టుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలితో అలమటించేవారికి కూలి కల్పించారు. ఆ మిషనే తరువాత ఉదయగిరి, ఆత్మకూరులలోనూ కేంద్రాలు నెలకొల్పింది.

ప్రార్థనను మందువలె పరీక్షించినవారూ ఉన్నారు. అమెరికాలో 6 ఆసుపత్రులలో గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొన్న 1,802 మందిపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఇతరులు తమకోసం ప్రార్థించడం వలన రోగులలో చిక్కులు తగ్గలేదు. పైగా, తమకోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవారిలో 59 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ప్రార్థన అందనివారిలో అది 51 శాతమే. ఇది చూచి కొందరు నవ్వారు, కొందరు నొచ్చుకొన్నారు. నాకు రెండూ అనవసరమనిపించింది. తల్లితో బిడ్డ మాట్లాడే మాటలకు మోతాదు కట్టి ఫలితం తూచగలమా?

ఈ సంగతి నాకు గ్రంథాలకన్నా స్పష్టంగా బోధించినది ఒక వ్యవసాయ కూలీ. భర్తకు పక్షవాతం వస్తే మూడేళ్ళు సేవ చేసింది, అతని కోసం రోజూ ప్రార్థించింది. అతడు పోయాడు. కొన్ని నెలల తరువాత తన రక్తపోటు మాత్రల కోసం వచ్చినప్పుడు, ఇంకా ప్రార్థన చేసుకొంటున్నావా అమ్మా అని అడిగాను.

"చేసుకోక ఏం జేస్తానయ్యా" అంది.

"ఇప్పుడేమి అడుగుతున్నావు?"

"అడిగేదానికే పోతే అది చుట్టరికం ఎట్లయిద్దయ్యా? పొద్దున్నే లేచి నాలుగు మాటలు చెప్పుకుంటా. ఆయన ఇంటాడు. అంతే."

ప్రార్థనను గురించి నేను విన్న ప్రసంగాలన్నింటిలో ఇంతకన్నా లోతైన మాట లేదు. అవసరానికే గుమ్మం తొక్కే చుట్టాన్ని మనమెవరమూ చుట్టమనుకోము. అడగడం తప్పు కాదు; బిడ్డ అడగక ఎవరు అడుగుతారు? కానీ చేయి ఖాళీగా తిరిగివచ్చిన రోజున కూడా ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళగలగడమే బంధం.

కనుక మిత్రులారా, వైద్యుడిగా నా మనవి ఇది. ప్రార్థించండి, మాత్రలు మానకండి. క్షయకు మందులు మొదలుపెడితే, దగ్గు తగ్గినా వైద్యుడు చెప్పిన గడువు పూర్తిచేయండి. సాధారణ క్షయకు అది కనీసం ఆరు నెలలు. మూర్ఛ మాత్రలను, ఇన్సులిన్‌ను ఎవరి మాట మీదా హఠాత్తుగా ఆపకండి. పాము కరిస్తే వెంటనే 108కి ఫోను చేయండి, ప్రార్థన ఆ వాహనంలో కూర్చుని చేసుకోండి. జబ్బు నయం కానివారి విశ్వాసాన్ని శంకించకండి. వారి పక్కన కూర్చోండి. వారు కోరితే వారితో కలిసి ప్రార్థించండి, లేకుంటే చేయి పట్టుకొని మౌనంగా ఉండండి.