అర్ధరాత్రి ఆటకు పిలిచే స్నేహితుడు

పిల్లవాడు తలనొప్పి అంటే మన ఇళ్లలో ముందు కళ్లజోడు గుర్తుకొస్తుంది, తరువాత సైనసు, ఆ తరువాత దిష్టి. నిద్ర సంగతి ఎవరూ ఎత్తరు. పిల్లలు వేళకు పక్క ఎక్కుతున్నారు కదా అని ధీమా.

ఈమధ్య నేను చూసిన ఒక కుర్రవాడికి పన్నెండేళ్లు. రెండు నెలలుగా పొద్దున్నే తలనొప్పి, బడిలో కునికిపాట్లు, అన్నం దగ్గర విసుగు. కంటిచూపులో లోపం లేదు. వాంతులు, చూపు మసకబారడం వంటివీ లేవు. అవి ఉంటే మాత్రం తాత్సారం చేయకూడదు. "తొమ్మిదిన్నరకే పడుకుంటాడండీ" అంది తల్లి. నిజమే. రెండున్నరకు లేస్తున్నాడని ఆవిడకు తెలియదు.

తల్లిని కాసేపు బయట కూర్చోబెడితే కుర్రవాడే చెప్పాడు. పెదనాన్న కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. మూడేళ్ల క్రితం దాకా ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే మంచం. పెదనాన్న వీడికి నింటెండో స్విచ్ అనే, చేత్తో పట్టుకుని ఆడే యంత్రం తెచ్చి ఇచ్చాడు. అక్కడ అన్న సాయంత్రం నాలుగింటికి బడినుంచి వచ్చేసరికి ఇక్కడ తెల్లవారుజామున రెండున్నర. వీడు దుప్పట్లో దూరి ఆడుతున్నాడు. ఈ వయసుకు తొమ్మిది గంటలకు తగ్గని నిద్ర కావాలి. వీడికి అయిదైనా దక్కడం లేదు.

ఈ యంత్రంలో స్నేహితులు ఎలా చేరతారో పెద్దలు ఒకసారి చూడాలి. ఒక్కొక్కరికి 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే అవతలివాడికి కబురు వెళుతుంది, అతను ఒప్పుకుంటే ఇద్దరూ స్నేహితులు. అక్కడినుంచి ఎవరు ఎప్పుడు ఆటలో ఉన్నారో రెండోవారికి కనిపిస్తుంది. అన్న వచ్చి ఉన్నాడని తెలిశాక ఏ తమ్ముడికి నిద్ర పడుతుంది? అలా కనిపించకుండా చేసుకునే వీలు కూడా అందులోనే ఉంది.

వెనకటి డీఎస్ యంత్రంలో ఇద్దరూ ఒకరి నంబరు మరొకరు కొట్టుకోవలసి వచ్చేది. అదొక విసుగే అయినా కాపలాగా పనిచేసేదని నా అభిప్రాయం. అయితే నంబరు ఊరికే పంచిపెడితే ఏ కాపలా నిలవదు. 3డీఎస్ యంత్రంలో బొమ్మలు, ఉత్తరాలు పంపుకునే స్వాప్‌నోట్ ఉండేది. ఇంటర్నెట్ ద్వారా అలా పంపడాన్ని 2013లో కంపెనీయే ఆపేసింది. పిల్లలు సైతం తమ నంబర్లు ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టడం, అసభ్యమైన బొమ్మలు చేతులు మారడం అందుకు కారణం.

మన కుర్రవాడి జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. ముఖం తెలిసినవి అయిదు. తల్లి పక్కన కూర్చుని, పోలీసులా కాకుండా, "వీడెవడు నాన్నా?" అని ఒక్కొక్కటే అడిగింది. చెప్పలేని పేర్లను వాడే తీసేశాడు.

తండ్రి యంత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022 నుంచి ఆటల వ్యసనం కూడా ఉన్న మాట నిజం. కాని అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనకబడడం, నష్టం తెలిసీ మానలేకపోవడం, మామూలుగా ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెడతాం. వీడికున్నది అన్న మీద బెంగ. తాళం వేస్తే ఆ బెంగ రెట్టింపవుతుంది.

రాత్రి తొమ్మిదికి యంత్రం పెద్దల గదిలో ఛార్జింగ్‌కు పెట్టాలని చెప్పాను. ఫోనులో పెట్టుకునే తల్లిదండ్రుల ఆప్‌తో ఆటకు రోజువారీ గడువు, పడుకునే వేళ నిర్ణయించవచ్చు. అన్నతో ఆట ఆదివారం ఉదయం ఏడింటికి. అప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, ఇద్దరికీ బడి లేదు. నవంబరులో అక్కడి గడియారాలు గంట వెనక్కి జరిగితే ఏడున్నర అవుతుంది. అప్పుడూ వేళ మార్చనక్కరలేదు.