చెరిపేసిన ఖాళీలు

ఆ ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరి ఆమెకు మూడు వారాలే. ఆ రాత్రి పని చూడ్డానికి చిన్నదే. డైరెక్టరీ సర్వర్‌ను పాత యంత్రం నుంచి కొత్తదానికి మార్చాలి. విద్యార్థులు, అధ్యాపకుల లాగిన్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఉండేది అందులోనే. పొద్దున తొమ్మిదికి ల్యాబ్ పరీక్ష. ఆలోగా పని పూర్తికాకపోతే ఒక్కరూ లాగిన్ కాలేరు.

పాత సర్వర్‌లోని సమాచారాన్ని ఆమె ఎల్‌డిఫ్ ఫైలుగా తీసింది. మామూలు టెక్స్ట్ ఫైలే. తెరిచి చూస్తే కొన్ని వరుసల మొదట్లో ఒక్కో ఖాళీ. పొరపాటున పడ్డాయనుకుని, ఒక నకలు తీసి, అందులో అన్నీ చెరిపేసింది. శుభ్రం చేసిన ఆ ఫైలును కొత్త యంత్రం తీసుకోలేదు. ఫలానా వరుస దగ్గర వివరాలు అర్థం కాలేదంటూ ఆగిపోయింది. ఆపేసిన పాత యంత్రం మళ్లీ లేవలేదు.

ఇంటర్నెట్‌లో వెతుకుదామంటే కాలేజీ వై-ఫై కూడా పాస్‌వర్డ్‌లను సరిచూసుకునేది ఆ డైరెక్టరీలోనే. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది. సెల్లార్‌లోని సర్వర్ గదిలో ఫోన్‌కు సిగ్నల్ అందదు. పైకెళ్లి సీనియర్‌కు ఫోన్ చేయొచ్చు. కానీ ఏమని అడగాలి? తప్పు ఎక్కడో తెలిస్తే కదా ప్రశ్న పుట్టేది. పైగా, ఇదీ తెలియదా అంటారేమోనన్న బెరుకు.

ఏం చేయాలో తోచక, ఫైలు పేరు చివరున్న ఎల్‌డిఫ్ అనే మాటకే 'మ్యాన్' కమాండ్ తగిలించి కొట్టింది. మాన్యువల్ పేజీ తెరుచుకుంది. 1971లో వెలువడిన యునిక్స్ తొలి మాన్యువల్ నుంచి వస్తున్న అలవాటిది. 1998లో మొదలైన ఓపెన్‌ఎల్‌డ్యాప్ కూడా దాన్నే పాటించింది. నెట్ ఉన్నా లేకున్నా ఆ పేజీలు డిస్క్‌లో ఉంటాయి. చోటు కలిసొస్తుందని వాటిని తీసేసేవాళ్లూ ఉన్నారు. ఆ యంత్రంలో ఎవరూ తీసేయలేదు.

అందులో ఒకే వాక్యం. వరుస ఖాళీతో మొదలైతే అది పై వరుసకు కొనసాగింపు. పొడవైన వరుసలను సర్వర్ అలా మడిచి రాస్తుంది. ఆమె చెరిపింది చెత్త కాదు, ఆ మడతల గుర్తులు. ముట్టుకోని అసలు ఫైలును ఎక్కించింది. సర్వర్ లేచింది. అప్పటికి తెల్లవారుజాము మూడు.

మాన్యువల్ సరిగానే చెప్పింది. అయితే ఆ ఖాళీలను చెరపొద్దని ఎక్కడా హెచ్చరించలేదు. అవి పొరపాటులా కనిపిస్తాయని తెలిసేది కొత్తవాళ్లకే. పాతవాళ్లు అది ఎప్పుడో మరిచిపోతారు. ఆమె ఆ హెచ్చరికను కాగితం మీద రాసి సర్వర్ ర్యాక్‌కు అంటించింది.

పొద్దున వచ్చిన సీనియర్ అది చదివి కాసేపు మాట్లాడలేదు.

"నేనూ ఓసారి చెరిపానమ్మా. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.