డీజిలులో నీళ్ళు

మిరుగు వచ్చింది. నాలుగు వానలు పడ్డాయి. పదును ఆరకముందే దున్నాలి. సరిగ్గా అప్పుడే శామీర్‌పేట పొలంలో మా ట్రాక్టరు మొరాయించింది. రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఊరుకుంది. పంపు పోయిందనే అనుకున్నాను. దాని ఖరీదు తలుచుకుంటే గుండె గుభేలుమంది. సికింద్రాబాదు వచ్చి, రాణీగంజిలో తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్ళాను.

ఆయన పంపు ముట్టుకోనైనా లేదు. ఫిల్టరు అడుగు మర విప్పి గాజుగ్లాసులో పట్టాడు. పైన డీజిలు, అడుగున అంగుళం నీళ్ళు!

"పీపా ఎక్కడుంచారు సాబ్?"

"ఆరుబయట నిలబెట్టాను. మూత బిగించే ఉందిగా?"

"బిగిస్తే ఏం? పగలు ఎండకు లోపలి గాలి ఉబ్బి బయటికి పోతుంది. వాన పడి చల్లబడగానే మూతమీద నిలిచిన నీళ్ళు పీల్చుకుంటుంది. నీడలో పడుకోబెట్టండి. సాయంత్రం టాంకు నింపెయ్యండి. ఖాళీ టాంకులో చెమ్మ రాత్రికి నీరవుతుంది."

టాంకు కడిగి, ఫిల్టరు మార్చి, పైమర సడలించి చేతిపంపు కొట్టాడు. బుడగలు ఆగేదాకా కొట్టి, మర బిగించాడు. ఇంకో నాలుగు రోజులు అలాగే తోలితే నాజిళ్ళు తుప్పు పట్టేవట.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఆవకాయ జాడీ అయితే వానలో పెడతారా?" అంది. నేను మాట్లాడలేదు. ఎకరంన్నర దున్నడం అయింది, పీపా పడుకునే ఉంది.