ఆటలో దొరకని ప్రిప్యాత్

పసుపు రంగు బుట్టలతో ఓ జెయింట్‌వీల్. 1986 మేడే వేడుకల కోసం ముస్తాబు చేశారు. మేడే ఇంకో నాలుగు రోజులుందనగా ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. చక్రం మాత్రం అక్కడే నిలబడిపోయింది. అది ఉక్రెయిన్‌లోని ప్రిప్యాత్ పట్టణం.

ఆ ఊళ్లో ఒక్కసారి కూడా అడుగుపెట్టకుండానే దాని వీధులు, హోటలు, సాంస్కృతిక భవనం కంఠతా వచ్చినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లను అక్కడికి తీసుకెళ్లింది ఓ వీడియో గేమ్... పేరు 'స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్'. ఇంతకీ ఆ గేమ్ చూపించేది అసలు ప్రిప్యాతేనా?

మూడు రోజులకని వెళ్లి...

చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసేవారి కోసం 1970లో కట్టిన పట్టణం ప్రిప్యాత్. కేంద్రానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరం. పక్కనే పారే నది పేరే ఊరికీ పెట్టారు. దాదాపు 50 వేల జనాభా... సగటు వయసు 26 ఏళ్లే! అంటే ఎటు చూసినా కొత్త దంపతులు, చంటిపిల్లలే.

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున 1.23 గంటలకు నాలుగో రియాక్టర్ పేలింది. ఊరి జనానికి వెంటనే ఏమీ చెప్పలేదు. మర్నాడు రేడియోలో ప్రకటన వచ్చింది. మూడు రోజులకు సరిపడా సామాన్లు, ముఖ్యమైన కాగితాలు తీసుకుని రమ్మన్నారు. మధ్యాహ్నం రెండు గంటల నుంచి వెయ్యికి పైగా బస్సుల్లో జనాన్ని తరలించారు. ఆ మూడు రోజులు ఎప్పటికీ పూర్తికాలేదు. కేంద్రం చుట్టూ 30 కిలోమీటర్ల మేర నిషిద్ధ ప్రాంతమైంది. అదే 'జోన్'.

నవల నుంచి గేమ్ దాకా

విచిత్రమేమిటంటే, జోన్ అనే ఊహ ప్రమాదం కంటే ముందే పుట్టింది. సోవియట్ రచయితలు స్ట్రుగాట్‌స్కీ సోదరులు 1972లో రాసిన 'రోడ్‌సైడ్ పిక్నిక్' నవలలో మనుషులు వెళ్లకూడని ఓ ప్రాంతం ఉంటుంది. దొంగచాటుగా వెళ్లి అక్కడి వింత వస్తువుల్ని తెచ్చేవాళ్లే స్టాకర్లు. దీని ఆధారంగా తార్కోవ్‌స్కీ 1979లో 'స్టాకర్' సినిమా తీశాడు.

కీవ్ నగరంలోని జీఎస్‌సీ గేమ్ వరల్డ్ సంస్థ ఆ ఊహను తెచ్చి తమ దేశపు గాయానికి ముడివేసింది. బృందం స్వయంగా జోన్‌కు వెళ్లి ఫొటోలు తీసుకొచ్చింది. 2001లో ప్రకటించిన గేమ్ పదేపదే వాయిదాలు పడి, చివరికి 2007 మార్చిలో విడుదలైంది. ఆలోగా మొదట అనుకున్నవి చాలానే కోతకు గురయ్యాయి. వాహనాలు నడిపే సదుపాయం కూడా అందులో ఒకటి.

కంటికి కనిపించని శత్రువు

ఇది 'ఫస్ట్ పర్సన్ షూటర్' రకం గేమ్. అంటే ఆడేవాళ్ల కళ్లే హీరో కళ్లు. తెర మీద చేతిలోని తుపాకీ మాత్రమే కనిపిస్తుంది. హీరోకి గతం గుర్తుండదు. అతని దగ్గరున్న చిన్న పరికరంలో ఒకే ఒక్క పని రాసి ఉంటుంది... 'స్ట్రెలోక్‌ను చంపు'. ఎవరా స్ట్రెలోక్? ఎందుకు చంపాలి? ఈ ప్రశ్నే కథను చివరిదాకా లాక్కెళ్తుంది.

ఈ గేమ్ గొప్పతనమంతా ఆ ప్రాంతాన్ని కళ్లకు కట్టడంలోనే ఉంది. రేడియేషన్ కంటికి కనపడదు, వాసన రాదు. దాన్ని ఎలా చూపాలి? శబ్దంతో చూపారు. అపాయం దగ్గరపడేకొద్దీ పరికరం టిక్ టిక్‌మంటూ వేగం పెంచుతుంది. పచ్చగడ్డి మైదానం చూడ్డానికి హాయిగానే ఉంటుంది. అడుగు వేస్తే ప్రాణం పోవచ్చు. అందుకే ముందు ఓ ఇనుప బోల్టు విసిరి, ఏమీ కాకపోతేనే కదలాలి. రాత్రి చలిమంట చుట్టూ కూర్చుని గిటార్ వాయించే స్టాకర్లు, దూరంగా కుక్కల అరుపులు, సన్నగా వాన... కాసేపు తుపాకీ సంగతే మరచిపోతారు. ఆటగాడు చూడకపోయినా జంతువులు, మనుషులు తమ పని తాము చేసుకుపోతుంటారు. ఆ ఊరికి హీరో అక్కర్లేదన్న భావన కలుగుతుంది.

పరుగెత్తిన చోటే పొరపాటు

మరి లోపాలో? మొదట కనిపించేవి సాఫ్ట్‌వేర్ తప్పులు. గేమ్ ఉన్నట్టుండి ఆగిపోయేది, పాత్రలు దారి తప్పేవి. సంస్థ సవరణలు విడుదల చేసింది. మిగిలినవాటిలో కొన్నింటిని అభిమానులే సరిచేసుకున్నారు.

అసలు లోపం ఇంకొకటి. సగం కథ దాకా నిదానంగా, జాగ్రత్తగా నడిపించిన గేమ్ సరిగ్గా ప్రిప్యాత్ చేరేసరికి పరుగందుకుంటుంది. ప్రతి కిటికీలోంచీ తూటాలే. హోటలూ, జెయింట్‌వీలూ కనిపిస్తాయి గానీ నిలబడి చూసే తీరికుండదు. విద్యుత్ కేంద్రం దగ్గరైతే గడియారం కూడా వెనక్కి లెక్కపెడుతుంటుంది. ముగింపులేమో మొత్తం ఏడు. అందులో ఐదు మోసపు ముగింపులు. సంపద కోరుకున్నవాడిపై నాణేలు కురుస్తున్నట్టే అనిపిస్తుంది, నిజానికి పైకప్పే కూలుతుంది. జోన్ అంతరించాలని కోరినవాడికి చూపు పోతుంది. ఆలోచింపజేసే కల్పనే! కానీ అసలు ముగింపునకు దారి ప్రిప్యాత్ హోటల్లో దాచిన ఓ పరికరంతోనే తెరుచుకుంటుంది. తుపాకుల హోరులో దాన్ని వదిలేసి వెళ్తే కథ అసలు గుట్టు తెలియకుండానే ఆట ముగుస్తుంది.

అవ్వలు లేని జోన్

అన్నిటికన్నా పెద్ద వెలితి మనుషులది. గేమ్‌లో ఆడవాళ్లు ఉండరు, పిల్లలుండరు. 2006లో రెండో పేలుడు జరిగినట్టు కల్పించి, ఊరిని వింత మృగాలతో, సాయుధులతో నింపేశారు. అసలు జోన్ కథ వేరు. ప్రమాదం తర్వాత వెయ్యిమందికి పైగా గ్రామస్థులు అధికారుల మాట కాదని సొంత ఇళ్లకు తిరిగొచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ మిగిలినవాళ్లలో ఎక్కువమంది వృద్ధ మహిళలే. బంగాళదుంపలు పండించుకుంటూ, కోళ్లు పెంచుకుంటూ అక్కడే బతికారు. జోన్‌లో అందరికన్నా ధైర్యవంతులెవరంటే వాళ్లనే చెప్పుకోవాలి. గేమ్ వాళ్లను పట్టించుకోలేదు.

ఆట పిలిస్తే...

2011లో ఉక్రెయిన్ జోన్‌లోకి పర్యటకులను అధికారికంగా అనుమతించింది. 2019లో వచ్చిన 'చెర్నోబిల్' టీవీ సిరీస్‌తో రద్దీ మరింత పెరిగింది. నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, దేన్నీ ముట్టుకోకూడదు, తిరిగొచ్చేటప్పుడు రేడియేషన్ పరీక్ష చేయించుకోవాలి... ఇవీ నిబంధనలు. గేమ్ మోజులో కంచె దాటి దొంగచాటుగా వెళ్లిన కుర్రాళ్లూ ఉన్నారు. తమను తాము స్టాకర్లని పిలుచుకునేవారు. గేమ్‌లో ప్రాణం పోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. అక్కడ ఆ వీలు లేదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం విద్యుత్ కేంద్రాన్ని ఆక్రమించింది. మార్చి 31 దాకా అక్కడే ఉంది. పర్యటనలు ఆగిపోయాయి. రియాక్టర్‌ను కప్పేందుకు 2016లో జరిపి నిలిపిన భారీ ఉక్కు కప్పుకు 2025 ఫిబ్రవరి 14న డ్రోన్ దాడిలో రంధ్రం పడింది. యుద్ధం మధ్యనే, బృందంలో కొందరు చెక్ రాజధాని ప్రేగ్‌కు తరలిపోయి పనిచేస్తే, 'స్టాకర్ 2' 2024 నవంబరు 20న వచ్చింది. పేరులో 'చెర్నోబిల్' అన్న రష్యన్ రూపం పోయి 'చోర్నోబిల్' అన్న ఉక్రెయిన్ రూపం చేరింది. సాఫ్ట్‌వేర్ తప్పులు మాత్రం దీన్నీ వదల్లేదు.

స్టాకర్ పిల్లల ఆట కాదు. అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే తగినదని ముద్ర వేశారు. ఇంట్లో ఆ వయసు దాటిన అబ్బాయో అమ్మాయో ఆడుతుంటే పక్కన కూర్చుని, ఆ బస్సుల సంగతి, తిరిగొచ్చిన అవ్వల సంగతి చెప్పండి. జోన్ అంటే ఎంత భయమో ఆట నేర్పుతుంది. అది ఒకప్పుడు ఎంతమందికి ఇల్లో మాత్రం మనమే చెప్పాలి.