ఒక నిమిషం నాడి

"పిన్నీ, మాట్లాడొద్దు, ఒక్క నిమిషం" అని సిస్టరు ఆ పెద్దావిడ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడగడియారంలో సెకన్ల ముల్లు వైపు చూసింది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడానికి ఆమె ఒప్పుకోదు. ముల్లు చుట్టంతా తిరగాల్సిందే. "నాడి సమంగా నడిచేవాళ్ళకి ఆ లెక్క సరిపోద్దండీ. తప్పి నడిచేవాళ్ళే కదా మనకి దొరకాల్సింది" అంది నాతో, చెయ్యి వదలకుండానే.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారికి లోపలగా, తోటల మధ్య ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అది. గుండె లయ తప్పి చనిపోయేవాళ్ళలో ఆడవాళ్ళెంత, మగవాళ్ళెంత, రైతులెంత, కూలీలెంత, కనుక్కురమ్మని సంపాదకుడు పంపారు. మామిడి కోతల రోజులు. చిన్నరసాలూ బంగినపల్లీ లారీలకెక్కుతున్నాయి. ల్యాబు, మందుల గది, కాన్పుల గది చూపిస్తానన్నారు డాక్టరుగారు. నేను సిస్టరు బల్ల దగ్గర నుంచి లేవలేదు.

ఆ బల్ల మీద డిజిటల్ బీపీ మిషను ఉంది. పట్టీ చుట్టి మీట నొక్కితే పై అంకె, కింది అంకె, నాడి, మూడూ తెర మీదికి వస్తాయి. ఆ మూడోది సగటు. గుండె పైగదులు వణికిపోతున్న మనిషికీ 84 అనే చూపించవచ్చు, కుదురుగా కొట్టుకునే మనిషికీ 84 అనే చూపించవచ్చు. ఆ అంకెలో తేడా తెలియదు, వేలికి తెలుస్తుంది. "ఈ మిషన్లొచ్చాక కొత్తపిల్లలు చెయ్యి పట్టుకోవడమే మానేశారు" అని సిస్టరు బాధపడింది. ఆమె బాధ నాకూ అంటుకుంది. ఖర్చు లేని పరీక్ష, ఒక నిమిషం ఓపిక ఉంటే సరిపోయే పరీక్ష, మన కళ్ళముందే పోతోంది.

పిన్ని నాడి తప్పి నడుస్తోంది. తలుపు వేసి, తెర లాగి, పైట సర్దుతూ ఈసీజీ తీసింది సిస్టరు. మగ టెక్నీషియన్ ఉన్నచోట ఆడవాళ్ళు "రేపొస్తాలే" అని వెళ్ళిపోతారట, రేపు రారట. కాగితం మీద గీతల మధ్య ఎడం ఏ రెండుచోట్లా ఒకలా లేదు. పైగదులు కొట్టుకున్నప్పుడు రావాల్సిన చిన్న అల ఎక్కడా లేదు. డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, కవాటం కూడా చెడినట్టుంది, ఎకో తీయించాలన్నారు.

పిన్ని మామిడికాయలు గ్రేడింగు చేసే షెడ్డులో పనిచేస్తుంది. తెరవెనక ఆమె సిస్టరుతో అంటున్నది నాకు వినపడింది. "మా ఆయన గుండెల్లో నొప్పంటే ఆ పూటే బెజవాడ తీసుకెళ్ళారమ్మాయ్. నాకు మూడేళ్ళ నుంచి దడ. గ్యాసన్నారు, నరాల బలహీనతన్నారు, భయం పెట్టుకోకన్నారు. చెయ్యి పట్టుకుని చూసింది నువ్వే."

సంపాదకుడు అడిగిన లెక్క ఇక్కడే తప్పిపోతోంది. లయ చెడిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బున్న ఆడవాళ్ళకి ఆ ముప్పు మగవాళ్ళకంటే ఎక్కువ. పిన్ని అలా పోతే రిజిస్టరులో పక్షవాతం అని ఉంటుంది. నిద్రలో పోతే గుండెపోటంటారు. అసలు గుండెపోటైతే రక్తనాళంలో అడ్డూ, కండరం మీద మచ్చా శవపరీక్షలో చాలాసార్లు కనపడతాయి. లయ తప్పడం అలాంటి గుర్తు మిగల్చదు. ఆగిన గుండెను కోసి చూసినా అది ఎలా కొట్టుకునేదో తెలియదు. బతికుండగా తీసిన కాగితమే సాక్ష్యం.

అమెరికాలో దాదాపు ప్రతి మరణానికీ కారణంతో ధ్రువపత్రం ఉంటుంది కాబట్టి, లయ జబ్బులతో ఏ కౌంటీలో, ఏ జాతివాళ్ళు, ఏ వయసువాళ్ళు పోతున్నారో అక్కడివాళ్ళు వాదించుకోగలరు. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి నూటికి 22.5 మాత్రమే. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆస్పత్రులన్నీ కారణం రాసివ్వాలంది. డాక్టరు చూడకుండా ఇంట్లో, తోటలో పోయినవాళ్ళకి ఎవరు రాస్తారు?

రాయించవచ్చని మన పక్కనే రుజువైంది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో, లక్షా ఎనభై వేల జనాభాలో, ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇళ్ళకి వెళ్ళి మనిషి ఎలా పోయాడో అడిగి రాసుకున్నారు. డాక్టర్లు అవి చదివి కారణాలు తేల్చారు. వంద మరణాల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అదే ప్రాంతపు వివరాలతో 2012లో వచ్చిన మరో అధ్యయనం, వంద మరణాల్లో దాదాపు పది హఠాత్తుగా గుండె ఆగినవని చెప్పింది. అలా పోయినవాళ్ళు పాశ్చాత్య దేశాలవాళ్ళకంటే అయిదు నుంచి ఎనిమిదేళ్ళు చిన్నవాళ్ళు. నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లాలో ఉంది, 2022లో ఏలూరు జిల్లాలో కలిసింది. ఆ పద్ధతి మాత్రం ఈ ఊళ్ళ దాకా రాలేదన్నారు డాక్టరుగారు.

2014లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం కూడా చూడాలి. పిన్నికున్న ఈ లయ జబ్బుతో ఆస్పత్రికొచ్చినవాళ్ళలో రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఉత్తర అమెరికాలో నూటికి 2.2, భారతదేశంలో 31.5. చిన్నప్పటి గొంతునొప్పి, దాని వెనకాల కీళ్ళజ్వరం, ఆపైన చెడిన కవాటం. ఇది ఇరుకిళ్ళ జబ్బు, పేదల జబ్బు, ఎక్కువగా ఆడవాళ్ళ జబ్బు. ఒకసారి కీళ్ళజ్వరం వచ్చిన పిల్లకి ఇరవైఒక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది పడితే కవాటం దక్కుతుంది. కోతల కాలంలో తల్లి కూలి మానుకోలేక పిల్ల సూది తప్పుతోందని సిస్టరు రిజిస్టరులో ఖాళీ గళ్ళు చూపించింది. రక్తం గడ్డకట్టకుండా పిన్నికి మందు మొదలుపెడితే, మోతాదు సరిపోయిందో లేదో చూసే రక్తపరీక్షకి విజయవాడ వెళ్ళిరావాలి. ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఆ పరీక్ష నూజివీడులోనే, కోతల కాలంలో సాయంత్రంపూట జరిగితే ఎంతమంది దక్కుతారో!

నేను లేవబోతుంటే సిస్టరు ఆపింది. "ఇదొక్కటి రాయండి సార్. దడ తగ్గాక వస్తారు అందరూ. అప్పుడు తీస్తే కొందరి కాగితం మంచిగానే ఉంటది, ఏం లేదని పంపేస్తారు. కొట్టుకుంటున్నప్పుడే రమ్మనండి. షెడ్డులో పనొదిలేసి, ఉన్నపళంగా రమ్మనండి."

తర్వాత కూర్చున్నది లారీ లోడు చేసే కుర్రాడు, ఇరవై దాటి ఉండవు. సిస్టరు వేళ్ళు అతని మణికట్టు మీద పడ్డాయి, ముల్లు మళ్ళీ పన్నెండు దగ్గర నుంచి బయల్దేరింది.