అబ్బా చూసిన తోట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో దుబాయి పేరు వినని ఇల్లు ఉండదు. మా ధర్మపురిలోనూ అంతే. గోదావరి దక్షిణానికి మళ్ళి ప్రవహించే ఆ ఊరినుండి మా అబ్బా 1990 ప్రాంతంలో గల్ఫుకు వెళ్ళి, పదిహేడేళ్ళు తోటపని చేసి తిరిగివచ్చారు. ఆ పదిహేడేళ్ళలో ఆయన పెంచిన ఒక్క మొక్కనైనా మేము కంటితో చూడలేదు. ఉత్తరాల్లో ‘పని బాగానే ఉంది’ అని వ్రాసేవారు. ఏ పనో వ్రాసేవారు కారు.

ఉద్యోగరీత్యా నేను దుబాయి చేరిన తరువాత, గత నవంబరులో అమ్మీ అబ్బాలను విజిట్ వీసా మీద పిలిపించాను. ఎత్తయిన భవనాలు, పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు చూపించాము. అబ్బా మా మర్యాద కోసం చూశారు. మూడవనాడు ఆయనే అడిగారు: “ఇక్కడ తోటలేమీ లేవా బేటా?”

అలా ఒక శనివారం అస్ర్ నమాజు ముగించుకొని పిల్లలతో సహా ఖుర్‌ఆనిక్ పార్కుకు బయలుదేరాము. నగరానికి ఒక అంచున, అల్ ఖవానీజ్ ప్రాంతంలో ఉన్నది ఈ ఉద్యానవనం. దుబాయి మునిసిపాలిటీ దీనిని 2019 మార్చిలో ప్రజలకు తెరిచింది. విస్తీర్ణం సుమారు 60 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 150 ఎకరాలు. లోపలికి ప్రవేశం ఉచితం. గాజుగృహానికి, మహిమల గుహకు మాత్రం టికెట్టు తీసుకోవాలి. దివ్య ఖుర్‌ఆన్‌లోనూ, హదీసులలోనూ ప్రస్తావించబడిన చెట్లను, పంటలను ఒక్కచోట పెంచి చూపడం దీని ప్రత్యేకత. నడకదారులు, సైకిలు బాట, పిల్లల ఆటస్థలాలు, సరస్సు అన్నీ ఉన్నాయి. అరబీ లిపిని పోలిన ఆకృతుల్లో నిలబెట్టిన సౌరవృక్షాల కింద ఫోన్లు ఛార్జి చేసుకోవచ్చు. ఆకులు లేని చెట్టు కింద కూర్చోవడం అమ్మీకి మాత్రం నచ్చలేదు.

మహిమల గుహలో ప్రవక్తల మహిమలను వెలుగు, ధ్వనుల సాయంతో వివరిస్తారు. పిల్లలు అక్కడినుండి కదలమన్నారు. హజ్రత్ మూసా (అ) కోసం సముద్రం చీలిన ఘట్టాన్ని స్ఫురింపజేసేలా నీటి మధ్యగా వేసిన బాటపై మా చిన్నవాడు మూడుసార్లు అటూ ఇటూ పరుగెత్తాడు. నామటుకు నాకు గుహ కన్నా బయటి మొక్కలే ఎక్కువ చెప్పాయనిపించింది. ఆకాశం నుండి మన్న, సల్వా దిగుతుండగా బనీ ఇస్రాయీలు ప్రజలు ఉల్లి, వెల్లుల్లి, దోస, మసూర్ పప్పు కావాలని అడిగిన వృత్తాంతం అల్ బఖరహ్ సూరాలో ఉన్నది కదా! ఆ కథ ఎన్నిసార్లు చదివామో. ఉల్లి మడి పక్కన నిలబడి పిల్లలకు అదే చెప్పబోతుంటే అబ్బా చిన్నగా నవ్వారు. “క్యాంపులో ఏళ్ళ తరబడి ఖుబూస్ రొట్టె తిన్నవాళ్ళం. మాకూ ఇంటి పప్పు మీదికే మనసు పోయేది,” అని, వెంటనే ‘అస్తగ్‌ఫిరుల్లాహ్’ అనుకున్నారు.

ఆయన బోర్డులు చదవడం లేదు. వంగి వంగి మొక్కల మొదళ్ళు చూస్తున్నారు. ఎడారి ఇసుకలో నీరు నిలవదు, అందుకే సన్నని గొట్టాల ద్వారా చుక్క చుక్కగా వేరుకే అందించాలి. నగరంలో వాడి వదిలిన నీటిని శుద్ధిచేసి తోటలకు మళ్ళించడం ఇక్కడి ఆనవాయితీ. ఉప్పు పేరుకొని గొట్టం రంధ్రాలు మూసుకుపోతుంటాయని, ఒక్కరోజు గమనించకపోతే మొక్క తలవాలుస్తుందని ఆయన చెబుతుంటే, పదిహేడేళ్ళ ఉత్తరాల్లో లేని మాటలన్నీ ఆ పావుగంటలో విన్నాను. ఒక సిద్ర్ చెట్టు, అంటే మన రేగుకు దగ్గరి చుట్టం, దాని మొదట్లో మట్టిని వేలితో కదిపి, “దీనికి నీళ్ళు అందుతలేవు,” అన్నారు తెలుగులో. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అబ్బా మొక్కల దగ్గర మాత్రం తెలుగే మాట్లాడతారు.

ఆ మాట విని, గొట్టాలు సరిచేస్తున్న ఒక యువకుడు తలెత్తాడు. “చాచా, మీరు మన దిక్కోళ్ళేనా?”

కోరుట్ల దగ్గరి పల్లె అతనిది. ఊరికి వెళ్ళి మూడేళ్ళయిందట. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 మొదలు 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉందని, అది పెద్ద ఊరట అని చెప్పాడు. అబ్బా కొత్తగా వచ్చిన రోజుల్లో తలకు తడిగుడ్డ చుట్టుకోవడమే వాళ్ళకు తెలిసిన ఊరటట.

ఎవరైనా ముస్లిం మొక్క నాటితే, దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవానికి అది సదఖా అవుతుందన్న దైవప్రవక్త (స) హదీసు మనకు తెలిసినదే. అది గుర్తు చేసినప్పుడు అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్ను అడిగారు: “కూలికి నాటిన మొక్కకు కూడానా?”

నేను ఆలిమును కాను. ఏం చెప్పాలో తోచలేదు. అమ్మీ దుపట్టా సర్దుకుంటూ, “ఆ కూలితోనే కదా ఇంట్లో నలుగురం తిన్నాం,” అన్నది.

చీకటి పడుతున్నది. ఆ యువకుణ్ణి సిద్ర్ చెట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీస్తానన్నాను. అతను ఒప్పుకోలేదు, దీపాలు వెలుగుతున్న గాజుగృహం ముందు తీయమన్నాడు. ఊళ్ళో అమ్మకు పంపాలట. అమ్మీ ఊరుకోలేదు. అప్పటికప్పుడే బోటిమ్‌లో ఆమెకు ఫోను చేయించి, తెరను చెట్టువైపు తిప్పించింది.

“ఇదిగో చెల్లే, నీ కొడుకు నీళ్ళు పెట్టే రేగుచెట్టు. నీడ ఇంటి పందిరంత ఉన్నది.”

అవతలినుండి కాసేపు మాట లేదు. ఆ తరువాత ఆ తల్లి అడిగింది: “గిదా అక్కా, వాడు చేసే పని? ఆఫీసు పని అని చెప్పిండు.”

యువకుడు తల వంచుకొని గొట్టం మూత బిగిస్తున్నాడు. అబ్బా ఫోను అందుకొని, ఆ చెట్టును మొదలు నుండి కొన దాకా మెల్లగా చూపించసాగారు.