పెట్టుబడి పెడితేనే మంట

"బంధాలు తెగితే ఎనర్జీ రిలీజ్ అవుతుంది" అని మన క్లాసులో ఎవరిని అడిగినా టక్కున చెప్పేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అసలు కథ రివర్సు. బంధం తెగాలంటే శక్తి ఇవ్వాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటికొస్తుంది.

దీన్ని కెమిస్ట్రీ రాని మనిషికి చెప్పాల్సొస్తే ఎలా? నాకు ఆ పని మా నానమ్మ పెట్టింది. ఊళ్ళో మా ఇంటి వెనక గోబర్ గ్యాస్ ఉంది. దసరా సెలవుల్లో పొయ్యి వెలిగిస్తూ అడిగింది: "పైపు నిండా గ్యాసుంది, చుట్టూ గాలుంది. అగ్గిపుల్ల గీసేదాకా ఎందుకు ఊరుకుంటుందిరా?"

గోబర్ గ్యాసులో మండేది మీథేన్. ఒక మోల్ మీథేన్‌లోని కార్బన్-హైడ్రోజన్ బంధాలన్నీ తెంచడానికి సుమారు 1,652 కిలోజౌల్స్ కావాలి. దానికి జతగా రెండు మోల్స్ ఆక్సిజన్‌కి 996. మొత్తం ఖర్చు 2,648. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఏర్పడితే వచ్చేది సుమారు 3,450. మిగిలేది 802. అన్నం ఉడికేది దాంతోనే.

నానమ్మకి కిలోజౌల్స్ చెప్పలేదు. "విత్తనాలు, ఎరువులు ముందు కొనాలి కదా, పంట తర్వాతే కదా. అగ్గిపుల్ల మొదటి పెట్టుబడి. ఒకసారి అంటుకున్నాక, వచ్చిన పంటలోంచే తర్వాతి పెట్టుబడి తీసుకుంటుంది" అన్నాను.

(మనలో మన మాట: మంటలో పాత బంధాలన్నీ ముందు తెగి, తర్వాత కొత్తవి ఏర్పడటం జరగదు. ఓహెచ్ రాడికల్ వచ్చి మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్‌ని లాక్కుని నీరైపోతుంది. పాతది తెగుతుండగానే కొత్తది పడుతుంది. పైన వేసింది జమాఖర్చుల లెక్క మాత్రమే.)

నానమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ గ్యాసుకి ప్రతిసారీ మిగులుతుందా?" అంది.

"గాలి సరిగ్గా అందితే ప్రతిసారీ."

మూడేళ్ళు వరసగా పత్తి వేసి, పెట్టుబడి కూడా తిరిగి రాక, తాతయ్య రోడ్డు పక్కన ఎకరం అమ్మేశాడు. అప్పులు పోగా మిగిలిన డబ్బే నా ఫస్టియర్ ఫీజు. నానమ్మ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"పెట్టి పుట్టిందిరా మీ మీథేనమ్మ" అని నవ్వి, ఎసట్లో బియ్యం పోసింది.